యాదమ్మ దారాల డబ్బా

వాసంతికి మైకు ఇస్తామన్నారు. నాలుగే నిమిషాలు. అయినా మైకు మైకే కదా! నలభై ఆరేళ్ల జీవితంలో ఆమె గొంతు గేటు దాటి వినబడిందంటే కూరగాయల బండిని పిలిచినప్పుడే. అందుకే గురువారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లెక్సీల దుకాణం ముందు నిలబడ్డ మనిషికి కాళ్లు నేల మీద ఆగడం లేదు.

లోపల కంప్యూటర్ తెర మీద అత్తగారు యాదమ్మ నవ్వుతోంది. ఆమె పోయి సోమవారానికి నెల. ఆ రోజు తొమ్మిదింటికి కాలనీ హాల్లో సంస్మరణ సభ పెట్టాలని సంఘం అధ్యక్షుడు ధనరాజ్ నిర్ణయించాడు. ధనరాజ్ ప్లాట్ల వ్యాపారి. నిర్ణయాలు ఆయన చేస్తాడు, చప్పట్లు మిగతావాళ్లు కొడతారు. ఎల్బీ నగర్‌లో ఆ కాలనీ ఇరవై ఏళ్లుగా అట్లాగే సాఫీగా నడుస్తోంది.

"చూడు చెల్లె, ఎట్లున్నది?" అన్నాడు ధనరాజ్.

'కంకణం కట్టి దీవించిన కరుణామయి యాదమ్మకు అశ్రునివాళి' అని ఎర్రటి అక్షరాలు మెరుస్తున్నాయి. యాదమ్మ ముఖం కొబ్బరికాయంత ఉంది. పక్కన ధనరాజ్ ముఖం గుమ్మడికాయంత ఉంది. వాసంతి రెండోదాన్ని చూడనట్టే ఊరుకుంది.

"మస్తున్నదన్నా. మా అత్తమ్మ కంకణాల సంగతే నేను గుడ మాట్లాడ్త," అంది సంబరంగా.

కాలనీలో ఎవరిని లేపి అడిగినా అదే చెప్తారు. పదకొండేళ్లపాటు యాదమ్మ రోజూ ఆరింటికల్లా ఎల్బీ నగర్ చౌరస్తాకు పోయేది. నల్లగొండ, సూర్యాపేట బస్సులు ఆగే చోట మెట్రో పిల్లర్ కింద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చునేది. దవాఖానలకని ఊళ్ల నుంచి దిగిన వాళ్ల చేతికి దారం కట్టి పంపేది. పదింటికి ఇంటికొచ్చి అన్నం తినేది. ఇది అందరికీ తెలుసు. ఇంతకన్నా ఎక్కువ ఎవరికీ తెలియదు. ఇంటి కోడలైన వాసంతికి కూడా తెలియదు. ఆ వేళకు ఆమెకు వంట, టిఫిన్ డబ్బాలు, ఆ తరువాత చీరలకు ఫాల్ కుట్టే పని.

ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి ప్రసంగం మొదలుపెట్టింది. గడియారం చూస్తే ముప్పావు నిమిషంలో అయిపోయింది. మిగతా మూడుంబావు నిమిషాలకు అత్తగారి గురించి తన దగ్గర మాటే లేదని తెలిసి గతుక్కుమంది. ఇరవై నాలుగేళ్లు ఒక్క పొయ్యి మీద వండుకు తిన్న మనిషి కదా, సిగ్గేసింది.

"రేపటి సంది నేను బోయి ఆ స్టూలు మీద కూసుంట. అత్తమ్మ కట్టినట్టే దారాలు కడ్త," అని భర్తతో చెప్పింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేసే రమేష్ చెప్పు విప్పుతూ ఆగిపోయాడు. "నీకేమొస్తది గా పని?"

"దారం కట్టుడు గుడ రాదా నాకు?" అంది వాసంతి.

శుక్రవారం చీకటి విడీ విడకముందే లేచి యాదమ్మ డబ్బా తీసింది. అది పాత బిస్కెట్ల డబ్బా. అందులో పోచంపల్లి నుంచి తెప్పించుకున్న రంగునూలు ఉండలు ఐదున్నాయి. ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు. నల్ల ఉండను చూసి వాసంతి ముఖం చిట్లించింది. నలుపు దిష్టికని కాలికి కడతారు గానీ, దీవించి చేతికి కడతారా ఎవరైనా? దాన్ని తీసి కుట్టు మిషను సొరుగులో పడేసింది. ఎర్ర ఉండను మాత్రం కళ్లకద్దుకుంది.

పిల్లర్ దగ్గర పూలమ్మే అనంతమ్మ ఆమెను చూడగానే బుట్ట వదిలేసి లేచింది. "యాదమ్మ కోడలివా! స్టూలు నా కాడనే ఉన్నది బిడ్డా. నెల దినాల సంది ఒక్కలను గుడ కూసోనియ్యలే." కొంగుతో స్టూలు తుడిచి మరీ వేసింది. వాసంతి కూర్చుంది. మీద మెట్రో రైలు దడదడలాడింది, ఎదురుగా బస్సుల హారన్లు, ఇడ్లీ బండి పొగ. పెళ్లిలో పీట మీద కూర్చున్నప్పుడు కూడా గుండె ఇంతగా కొట్టుకోలేదు ఆమెకు.

నల్లగొండ బస్సు ఆగింది. దిగినవాళ్లలో నలుగురైదుగురు నేరుగా పిల్లర్ దగ్గరికే వచ్చి, అవ్వ ఏదని అడిగారు. పోయిందని చెబితే ఒకామె అక్కడే కూలబడి ఏడ్చింది. వాసంతి ఆమె చేయి పట్టుకుని ఎర్రదారం చుట్టి ముడివేసి, "మంచిగ జరుగుతది పో," అని దీవించింది. ఆమె చేతులు జోడించింది. వాసంతి ఒళ్లు పులకరించిపోయింది.

"ఎర్రదేనా?" అంది అనంతమ్మ పూలు కడుతూ.

"ఎర్రది శుభం గదమ్మా."

"ఏమో బిడ్డా. యాదమ్మ అయితే అడిగి అడిగి కడుతుండె." అంతలో ఎవరో రెండు మూరల మల్లెలు అడిగేసరికి ఆ మాట అక్కడే తెగిపోయింది.

తరువాత సంచి చంకన పెట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. చౌటుప్పల్ అవతల పల్లె, పేరు బాలనర్సయ్య. కళ్లకు పొరలు కమ్మి, మనిషి నీడలాగే కనిపిస్తాడట. దారం కట్టించుకుని దాన్ని వేలితో తడిమి, "ఏ రంగు బిడ్డా?" అన్నాడు.

"ఎర్రది బాపూ."

"యాదమ్మ నాకు నల్లది కడుతుండె."

"నలుపెందుకు బాపూ? నేను మంచిది కట్టిన," అంది వాసంతి ప్రేమగా.

ఆయన తలూపి వెళ్లాడు. షేర్ ఆటోలవాళ్లు ఆ ఎర్రదారం చూడగానే "రా బాపూ, రా అక్కా" అని పిలిచి మరీ ఎక్కించుకుంటుంటే, అత్తగారి దీవెనకు ఈ చౌరస్తాలో ఎంత గౌరవమో అని వాసంతి కళ్లు చెమర్చాయి. పదయ్యేసరికి పదకొండు మందికి కట్టింది. ప్రతి ఒక్కరినీ సభకు రమ్మని పిలిచింది. ఇంటికి నడిచి రాలేదు, ఎగిరి వచ్చింది. సాయంత్రం అద్దం ముందు ప్రసంగం ఐదు నిమిషాలు దాటింది.

శనివారం ఆమె వచ్చేసరికి ఒక ఆటో స్టూలుకు అడ్డంగా నిలబడి ఉంది. దాని డ్రైవర్ ఉపేంద్ర చేతులు కట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

"అక్కా, నిన్న ఎర్రదారాలు కట్టింది నువ్వేనా?"

మెచ్చుకోవడానికి వచ్చాడనుకుంది వాసంతి. "ఔ తమ్మీ! పదకొండు మందికి!"

"పదకొండు మందిని తీస్కపోయి గుండె దవాఖాన ముంగట దించినం మేము. ఆరో నెల కడుపుతోని ఉన్న పిల్లను గుడ! కాలిరిగినాయనను గుడ! మూడు ఆటోలు పొద్దుమూకిందాక వాళ్లను వెతుక్కుంట తిరిగినం. ఏం పనక్కా గిది?"

వాసంతికి అర్థం కాలేదు. ఆమె ముఖం చూసి ఉపేంద్ర కోపం దిగిపోయింది. పక్కన గట్టు మీద కూర్చుని వేళ్లు మడిచి చెప్పడం మొదలుపెట్టాడు. ఎరుపు గుండె దవాఖానకు, పసుపు కాన్పుల దవాఖానకు, తెలుపు బొక్కలకు, అంటే ఎముకలకు, ఆకుపచ్చ పెద్దదవాఖానకు. నలుపు కండ్లకు.

"నలుపెందుకు తమ్మీ?" అని అడిగింది.

"కాటుక కండ్లకే గదరా పెట్టుకునేది, అనేది యాదమ్మవ్వ. ఇంకొకటున్నది. ఒక్క ముడి ఉంటే తోడెవరో ఉన్నరన్నట్టు. రెండు ముళ్లుంటే ఒంటిగ వచ్చిన్రన్నట్టు. గసుంటోళ్లను ఆటో నుంచి దించి ఊకోవద్దు. తలుపు దాక తోల్కపోవాలె. దవాఖాన గేటు కాడ వాచ్‌మన్ గుడ ముళ్లే చూస్తడు."

"కాయితం మీద రాసిస్తే అయిపోవు గదా?"

"ఎవలు రాయాలె? ఎవలు చదవాలె? నాకే చదువు రాదక్కా," అన్నాడు ఉపేంద్ర. "కాయితం చెమటకు నానుతది, సంచిల వడి పోతది. చేతికున్న నూలు ఏడికి పోతది?"

రెండేళ్ల కిందటి సంగతి వాసంతికి అప్పుడు గుర్తొచ్చింది. పోచంపల్లిలో పెళ్లికి పోతుంటే నల్లనూలు తెమ్మంది అత్తగారు. నలుపు బాగుండదని తాను ఎర్రనూలు తెచ్చింది. యాదమ్మ ఒక్క మాట అనలేదు. మరునాడు మొదటి బస్సెక్కి పోచంపల్లి పోయి నల్లనూలు తెచ్చుకుంది. డెబ్బై ఏళ్ల ముసలితనంలో ఈ చాదస్తమేమిటని అప్పుడు వాసంతి పక్కింటామెతో నవ్వింది. పదకొండేళ్లు ఒక మనిషి ఇంత తెలివితో ఇంత పెద్ద పని నడిపితే, ఇంట్లో వాళ్లు దానికి కాలక్షేపం అని పేరు పెట్టారు. ఆ స్టూలు మీద కూర్చోవడానికి ఆమెకు ముఖం చెల్లలేదు.

అనంతమ్మ బుట్ట వెనక గట్టు మీద బాలనర్సయ్య అప్పుడు కనిపించాడు ఆమెకు. రాత్రి సరూర్‌నగర్‌లో చుట్టాలింట్లో ఉండి ఊరికి తిరిగిపోతున్నాడు.

"బాపూ, నిన్న..."

"నిన్న ఆపరేషన్ ఉండె బిడ్డా. గుండె దవాఖాన కాడ దించిన్రు. అడుక్కుంట అడుక్కుంట కండ్ల దవాఖానకు పోయేసరికి నా పేరు పిలిచి వదిలిపెట్టిన్రట. సోమవారం పదింటికి మళ్ల రమ్మన్నరు. గీసారి తప్పితే నెల దినాలు ఆగాలెనట."

వాసంతి ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది. "నా తప్పే బాపూ."

"నీ తప్పేమున్నది? నువ్వు మంచిదే కట్టినవు," అన్నాడాయన, ఆమె తల ఎక్కడుందో గాలిలో వెతికి నిమురుతూ.

తిట్టినా బాగుండేది. వాసంతి కళ్లు తుడుచుకుని లేచింది. "సోమవారం నువ్వు ఏ బస్సుకొస్తవ్ బాపూ? బస్సు దిగంగనే నీ ముంగట నేనుంట. ఒట్టు."

"మా ఊరికి పొద్దుగాల ఒక్కటే బస్సు. గీడికొచ్చేసరికి తొమ్మిది దాటుతది."

తొమ్మిది అన్న మాట చెవినపడ్డాక గానీ ఆమెకు సభ గుర్తు రాలేదు.

ఆదివారం పొద్దున్నే రమేష్‌ను వెంటబెట్టుకుని ధనరాజ్ ఇంటికి పోయింది. సభలో ప్రధాన ప్రసంగం చేయబోయే రామారావు మాస్టారు అక్కడే కాఫీ తాగుతున్నాడు. భీమవరం నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఆ కాలనీలోనే ఉంటున్నాడు.

"అన్నా, ఫ్లెక్సీ మార్చాలె. అది కంకణం కాదు, దీవెన కాదు. ఎవలను ఏ దవాఖానల దించాలెనో చెప్పే గుర్తు," అని వాసంతి ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది, తన తప్పుతో సహా.

ధనరాజ్ ఓపికగా విన్నాడు. "ఫ్లెక్సీ కట్టేసినం చెల్లె. అయినా దీవెన అంటే మందికి ఎక్కుతది. దవాఖానలు, రంగులు అంటే ఎవలికి ఎక్కుతది?"

"అదేంటండీ, ఆవిడ చెప్పేది నిజమైతే మనం చెప్పేది అబద్ధం అవుతుందిగా," అన్నాడు మాస్టారు కప్పు కింద పెట్టి.

"మీ ప్రసంగం మంచిగున్నది సార్, ముట్టుకోకుండ్రి," అని నవ్వేశాడు ధనరాజ్. ఇంత చేసినావిడకు ఇన్నాళ్లకు ఒక సభ పెట్టి, ఆమె చేసిన పని తప్ప మిగతావన్నీ పొగుడుతారా? వాసంతికి ఒళ్లు మండిపోయింది.

"అయితే నేను సభకు వచ్చుడు కష్టమన్నా. తొమ్మిదింటికి నాకు చౌరస్తల పనున్నది."

"నీకే శాలువా కప్పుతున్నం చెల్లె! కుర్చీ ఖాళీగ ఉంటే ఏం మంచిగుంటది?"

బయటికొచ్చి రమేష్ ముందు నడిచాడు. సందు మలుపు తిరిగాక, "అమ్మ పేరు మీద సభ. మంది ఏమనుకుంటరు?" అన్నాడు.

"మంది సంగతి నాకు తెల్వది. గా ముసలాయనకు ఒట్టేసిన." కాస్త ఆగి, "మైకు పాయె గని," అంది. అంతే, కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధమెందుకు, ఆ మైకు మీద ఆమెకు చాలా ఆశ ఉండింది.

సాయంత్రం సొరుగులోంచి నల్ల ఉండ తీసి డబ్బాలో పెట్టింది. కుర్చీ కాలికి కట్టి సాధన చేస్తోంది గానీ ముడి ఒకసారి జారుతోంది, ఒకసారి బిగుసుకుపోయి రావడం లేదు. రమేష్ చూసి చూసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అట్ల కాదు. రెండు సుట్లు తిప్పు. కొసను లోపటికి మడిచి గుంజు. నీళ్లల్ల తడిసినా జారొద్దు, విప్పాలనుకుంటే ఒక్క గుంజుడుకు రావాలె."

పోచంపల్లి చీరల నూలుకు రంగులద్దే ముందు ఎక్కడికక్కడ బిగించి కట్టే ముడి అది. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని వేలకు వేలు కట్టాడు. ముప్పై ఏళ్లుగా చీరలు మడతపెట్టడమే తప్ప నూలు ముట్టని వేళ్లు, ఆ ముడిని మాత్రం మరిచిపోలేదు. తన మణికట్టే ముందుకు చాచాడు. వాసంతి ఒకటి తరువాత ఒకటి ఐదు రంగులూ కట్టింది. ఐదూ సరిగ్గా పడ్డాయి.

"పదకొండేండ్లు ఒక్కనాడన్న అడగకపోతిని, ఏం చేస్తున్నవమ్మా అని," అన్నాడు రమేష్ ఆ దారాలు చూసుకుంటూ.

సోమవారం చౌరస్తా కిటకిటలాడిపోయింది. వారంలో అన్నిటికన్నా దవాఖానలకు ఎక్కువమంది వచ్చే రోజది. వాసంతి ఆరింటి నుంచి ఒక్క నిమిషం కూర్చోలేదు. ఏం నొప్పి, ఎవరు చూశారు, చీటీ ఉందా, తోడెవరు? అడిగి అడిగి కడుతోంది. అనుమానం వస్తే ఉపేంద్రను కేకేస్తోంది. ఆరో నెల పిల్ల మళ్లీ వచ్చింది. ఆమెకు పసుపుదారం కట్టి, క్షమించమని అడిగింది; ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. చెమటతో జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. అలసట మాత్రం లేదు. పరుగుపందెంలో ఉన్న పిల్లలా ఉంది ఆమె పని.

తొమ్మిదింటికి ఫోన్ మోగింది. ఎత్తలేదు. తొమ్మిదీ పదికి చౌటుప్పల్ నుంచి ఒక బస్సు వచ్చింది. అందులో బాలనర్సయ్య లేడు. మళ్లీ నమ్మి వస్తాడా? ఎందుకు రావాలి? ఫోన్ మళ్లీ మోగింది.

"మాస్టారు మాట్లాడుతున్నడు. తర్వాత నీ పేరే," అన్నాడు రమేష్ గుసగుసగా. "నేనే స్టేజీ మీదికి పోయి ఫోను మైకు కాడ పెడ్త. నువ్వు గాడనే ఉండి మాట్లాడు."

"నిజమా! ఏం మాట్లాడాలె... ఆగు ఆగు, ఇంకో బస్సొచ్చింది!"

ఫోన్‌ను డబ్బాలో నూలు ఉండల మీద పడేసి పరుగెత్తింది. బస్సు మెట్టు మీద కమ్మీ పట్టుకుని, కాలితో నేలను వెతుకుతూ బాలనర్సయ్య దిగుతున్నాడు.

"బాపూ!" అని అరిచేసింది. చౌరస్తా అంతా తిరిగి చూసింది. ఆయనను చేయి పట్టి స్టూలు దాకా తెచ్చి కూర్చోబెట్టింది. మణికట్టుకు ఎర్రదారం అట్లాగే ఉంది.

"తెంపలేదా బాపూ?"

"కట్టినోళ్లే తెంపాలె గదా బిడ్డా."

వాసంతి వంగి దాన్ని పంటితో తెంపింది. "ఇగో, నల్లది కడుతున్న. కండ్ల దవాఖానకు నలుపు. కాటుక కండ్లకే గదా పెట్టేది, అనేదట మా అత్తమ్మ. ఒక ముడి. ఇది రెండో ముడి. ఒక్కనివే వచ్చినవ్ గద, రెండు ముళ్లు చూసి గేటు కాడ వాచ్‌మన్ నీ చెయ్యి పట్టుకుంటడు. అందాక ఉపేంద్ర నిన్ను ఇడువడు. భయపడకు."

"భయమేంది? నిన్ననే యాదమ్మ కట్టినట్టున్నది," అన్నాడాయన దారం తడుముకుని.

వెనకనుంచి ఒక ముసలామె తోసుకుంటూ వచ్చింది. "యాదమ్మ ఏది?"

"పోయింది అవ్వా, నెలయింది. నేను ఆమె కోడల్ని. పదకొండేండ్లు ఇంట్లనే ఉన్న, ఆమె చేసిన పని ఏందో రెండు దినాల కింద తెలిసింది నాకు. ఏడువకు. చెయ్యి ఇటియ్యి. ఏం నొప్పి? గుండెనా, కడుపా? సమజయితలేదా? అయితే ఆకుపచ్చ, పెద్దదవాఖాన. తోడెవలు? కోడలా? ఒక్క ముడి సాలు. ఉపేంద్రా, పది కొడితే బాపు పేరు పిలుస్తరు, జర జల్ది పో!"

ఆటో కదిలింది. బాలనర్సయ్య చేయి బయటికి చాచి ఊపాడు, నల్లదారం కనిపించేలా. వాసంతి ఊపిరి పీల్చుకుని డబ్బాలో చేయి పెట్టింది. పసుపు ఉండ పక్కన ఫోన్ ఇంకా వెలుగుతోంది. కాల్ మొదలై పద్నాలుగు నిమిషాలు అయింది.

"హలో?" అంది భయంభయంగా. ఆమె గొంతే పెద్దగా, హాలంతా తిరిగి ఆమె చెవిలో మోగింది. దాని వెనక ఎవరూ దగ్గడం లేదు, కుర్చీలు జరపడం లేదు.

కాసేపటికి రమేష్ గొంతు వచ్చింది. "అందరు విన్నరు."

"ఏం విన్నరు?"

"మొత్తం. మాస్టారు ఆయన కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు." రమేష్ గొంతు తగ్గించాడు. "ధనరాజన్న శాలువా పట్టుకోని నా పక్కకే నిలబడ్డడు. నా చేతి దారాలు చూస్తున్నడు. వాళ్లమ్మకు మోకాళ్లు మస్తు నొస్తున్నయట. బొక్కలకు ఏ రంగని అడుగుతున్నడు."

వాసంతి కళ్లు తుడుచుకుని నవ్వింది.

"తెల్లది. కని ఇక్కడికి తోల్కరమ్మను. ముందుగాల అడగాలె గదా," అంది. ఎదురుగా సూర్యాపేట బస్సు ఆగింది.